మూడుకాళ్ళ గిన్నెకు నిజరూప దర్శనం

పందొమ్మిది వందల పాతికో సంవత్సరం, అక్షయ తదియ, సాయంకాలం. రంగూన్ పట్నం లత వీధిలో, ఆ చెన్ అనే చీనా వర్తకుడి పాతసామాన్ల కొట్టు వెనక గది. రేవులో బస్తాలు మోసినన్నాళ్ళు మోసి, నడుము మోసం చేశాక ఆ కొట్టుకే కాపలా కుదిరిన అచ్చెన్న, ఇంట్లో అడుగుపెట్టి పెట్టకుండానే కొయ్యబారిపోయాడు.

“అది కాదే తాయారూ. ఇది ఏటీ అని కాదు నానడుగుతున్నది. ఇది ఇలాగెందుకు మెరిసిపోతోందీ అని.”

“తోమితే మెరవదేటి మావా?”

“తోమినావా?”

“తోమినాను.”

“దీన్ని తోమినావా?”

“దీన్ని కాక నిన్ను తోముతానేటి? నీకూ తోముడు అవసరవే గాని, అంత సింతపండు ఈ రంగూన్లో దొరకదు.”

“సింతపండేసి తోమినావా!”

“సింతపండు, కుంపట్లో బుగ్గి, కొబ్బరి పీసు. ముందు ఊడలేదు మావా. మొండి చిలుము. అప్పుడు గుప్పెడు రాళ్ళుప్పేసినాను. ఒక్క పూటలో లొంగిపోనాది.”

“ఓలమ్మో, నా కొంప!”

“కొంపకేటయింది? గిన్ని కదా.”

“గిన్నే కొంప! ఈ గది ఎవులిది?”

“సెన్ బాబుది.”

“నా కాపలా ఉద్యోగం?”

“సెన్ బాబుది.”

“గిన్ని?”

“అదీ ఆయిందే.”

“మరి దాని మీద చిలుము?”

“చిలుముకి కూడా సొంతదారుడు ఉంటాడేటి మావా? నీకు ఎండ తగిలినట్టుంది. కూకో, మజ్జిగిస్తాను.”

“ఉంటాడే! కరీదు గిన్నిక్కాదు, ఆ చిలుముకే! ఆయన మాండలే ఎల్తూ నాలుగ్రోజుల కిందట ఏటి సెప్పినాడు? ‘అచ్చెన్నా, కొట్టు కప్పు పెంకులు మారుస్తారు. దుమ్ము పడుతుంది. నెల్లాళ్ళు ఈ గిన్నె మీ ఇంట్లో ఉంచు. మూడువేల ఏళ్ళనాటిది. దీనిమీద ఊపిరి కూడా పడనీకు’ అన్నాడా, నేదా?”

“ఊపిరి పడనీలేదు. బుగ్గి ఎగిరిపోతోందని మొకం అటు తిప్పుకునే తోమినాను.”

“ముట్టొద్దన్నానా?”

“సేత్తో ముట్టలేదు. పీసుతో ముట్టినాను.”

“తాయారూ, ఇను. కొట్లో బొమ్మలు, గడియారాలు, తివాసీలు, అన్నీ ఎవులికో ఒకలికి అమ్ముడుపోతాయి. ఈ గిన్ని మాత్రం ఒక్క దొరకే. ఆ టేకు కంపెనీ దొర లేడూ, ఏడాదై దీని సుట్టూ తిరుగుతున్నాడు. బూతద్దం పెట్టి దీని పచ్చనంతా సూస్తాడు. గోరు తగలనీడు. ‘పాటినా, పాటినా’ అంటాడు.”

“ఈపాటి చిలుముకి ఆపాటి గోలేటి!”

“అదే వాళ్ళ లెక్క. ఎంత చిలువైతే అంత పాత. ఎంత పాతైతే అంత గొప్ప.”

“మూడువేల ఏళ్ళు దీన్నెవులూ తోమలేదేటి? ఆళ్ళ ఆడోళ్ళు ఏటి సేసీవోరు?”

“నాకేటి తెలుసు, ఆళ్ళ ఆడోళ్ళు ఏటి సేసీవోరో! నువ్వేటి సేసినావో అది తెలుసు. పెద్దముత్తైదువులు ఏమని దీవిస్తారే? పచ్చగా ఉండమని కదా. పచ్చగా ఉన్నదాన్ని పట్టుకుని తోమీసినావు! ఇది పచ్చగా ఉన్నన్నాళ్ళే మన కాపురం పచ్చగా ఉండీది. రేపు ఆయనొచ్చి సూసినాడంటే, సట్టీ బుట్టా సర్దుకోడవే. ఈ నడుంతో మళ్ళీ రేవుకెల్లి బస్తా ఎత్తగలనేటి?”

“ఎల్లొద్దులే. ఇయ్యాల ఏటి రోజో గేపకం ఉందా నీకు?”

“నా ఉద్యోగానికి తద్దినం రోజు.”

“అచ్చయ తదియ. సింహాచలంలో అప్పన్నకి ఏడాది పొడుగూ పూసిన సందనం ఒలిసీసి, ఈ ఒక్కనాడే నిజరూపం సూపిస్తారు. మనం ఓడెక్కి ఇరవై రెండేళ్ళయింది మావా. ఇరవై రెండు తదియలు పోనాయి. పొద్దున్న దీపం పెట్టి ఇటు తిరిగినాను. గిన్ని మీద మొకం సూసినావా నువ్వు ఎప్పుడైనా? రెండు గుడ్లు, రెండు కొమ్ములు, మజ్జిన కోపం. మన నరసింవుడే! పచ్చ సందనం కిందనుంచి సూసినట్టు సూసినాడు నన్ను. ‘తియ్యే’ అన్నాడు.”

“అది చీనావోళ్ళ బూతం మొకవే! సరిగ్గా సూడు. పైదవడే ఉంది, కింద దవడ లేదు. దవడ లేనోడు ‘తియ్యే’ అని ఎలాగంటాడు?”

“దేవుడికి దవడెందుకు?”

“ఇంకా నయం, ఇందులో పాయసం వొండినావు కాదు.”

“పాయసం కాదు. పానకం.”

“ఏటీ?”

“కలిపి నైవేద్యం పెట్టినాను. నరసింవుడికి పానకవే కదా. నీ వాటా సెంబులో ఉంది, తాగు.”

“మూడువేల ఏళ్ళ గిన్నిలో పానకవా!”

“మూడువేల ఏళ్ళకి ఇయ్యాలే దానికి పని దొరికింది.”

“దానికి పని దొరికింది, నా పని పోయింది.”

“అలాగనకు. దండం పెట్టుకుని సూడు, ఎంత బాగుందో. మొకం బంగారం. సెవులు రెండూ సక్కగా. కింద కాళ్ళ మజ్జిన, సతరంగా ఓ ముగ్గు కూడా తేలింది మావా. గళ్ళు గళ్ళుగా, వంకీలు వంకీలుగా, అబ్బ, ఎవులేసినారో గాని...”

“ముగ్గూ వొద్దు, నీ బుగ్గీ వొద్దు! నా బతుకే బుగ్గయిపోతుంటే!”

“అరవకు. అప్పలనరసమ్మ గోడకి సెవి ఆనించీ ఉంటాది. మావా, ఒకటడగనా?”

“అడుగు. ఇల్లు పోయేముందు ఏదైనా అడుక్కో.”

“సింహాచలంలో నిజరూపం అయిపోనాక ఏటి సేస్తారు?”

“ఆ రాత్రే మళ్ళీ సందనం పూసీస్తారు.”

“మరి?”

“మరేటి మరి?”

“మనవూ పూసీడవే.”

“చిలుమేటి సందనవా, సానమీద అరగదీసి పూయడానికి?”

“పుట్టిన కాడినుంచి చిలుముతో యుద్దం సేస్తున్నదాన్ని మావా. పగోడు ఎక్కడ పుడతాడో, ఏటి తిని పెరుగుతాడో, నాకు తెలీదేటి?”

తాయారమ్మ చిలుముతో చెలిమి మొదలుపెట్టి పదహారు రోజులు. అదే గది. బయట వాన, లోపల వాసన. రెండూ ఆగేట్టు లేవు.

“మూత తియ్యకు మావా. గాలి తగిలితే మేలే గాని, నువ్వు తగిలితే పాడైపోద్ది.”

“ముక్కు మూసుకుని అడుగుతున్నాను. ఇందులో ఏటి పోసినావే?”

“పులిసిపోయిన తరవాణి. ఉప్పు. కాసింత నప్పి.”

“నప్పియా! బర్మావోళ్ళ సేపల ముద్దా!”

“ఆళ్ళు కూరలో ఏసుకుంటారు, నాను గిన్నికేసినాను. సూడు ఎలాగ పట్టిందో. నప్పి దీనికి భలే నప్పింది.”

“నీ నప్పి నప్పడం దేవుడెరుగు, వీధిలో మనం ఎవులికీ నప్పీలా లేం. నిన్న రిక్షా లింగరాజు మన గుమ్మం కాడ ఆగి ‘మాఁవా, ఇంట్లో ఎవులైనా పోయారేటి’ అన్నాడు.”

“పోలేదు, పుడుతున్నాడు అనలేకపోయావా? పొద్దున్న తీసి ఆరబెడుతున్నాను. మద్దేన్నం తడిగుడ్డ సుడుతున్నాను. సాయంత్రం కుళాయి కింద బురదలో పెడుతున్నాను. పసిగుడ్డుకి పాలు పట్టినట్టు దీనికి చిలుము పట్టిస్తున్నాను. పాతికేళ్ళ కాపురంలో నా గిన్నికి పచ్చమచ్చ ఉందని ఒక్కరైనా అన్నారా? మీ అమ్మ బతికుండి ఇది సూస్తే సచ్చీది.”

“సచ్చింది కాబట్టి బతికిపోనాది. ఈ సెవి దగ్గర ఇంకా మెరుస్తోందే!”

“అక్కడ నిమ్మతొక్క కట్టినాను. ముందు నల్లబడతాది. నల్లది నీలం అవుతాది. నీలం తరవాత పచ్చ. కంగారు పడితే చిలుము పట్టదు మావా. తోమడానికి ఒక్క పూట సాలు, పట్టడానికే ఓపిక కావాల.”

“మూడువేల ఏళ్ళ ఓపిక నెల్లాళ్ళలో పట్టిస్తున్నావు. ఆయనకి తెలిసిపోదా?”

“ఆయనకి తెలుసేటి చిలుము సంగతి? ఆయన అమ్ముతాడు, అంతే. తోమినోళ్ళకి తెలుసు.”

“ఏటి కర్మవో. నాను అచ్చెన్న, ఆయన ఆ చెన్. పేరులో రవ్వంత తేడా. ఆయన చిలుము అమ్ముకుని బతుకుతాడు, నాను చిలుము పట్టించి బతకాల. నాకొకటి బోదపడ్డం లేదు తాయారూ.”

“ఏటి?”

“కప్పు పెంకులు మార్చడానికి పనోళ్ళొస్తారన్నాడు. ఇన్నాళ్ళయింది, ఒక్కడు రాలేదు. పోనీ ఈ వానకి కప్పు కారిందా అంటే, ఒక్క సుక్క లేదు.”

“రాకపోడవే మంచిది. ఈ కంపుకి కప్పు మీంచి దూకీవోరు. అన్నట్టు అప్పలనరసమ్మ అడిగింది మావా...”

“కంపు గురించా? ఏటి సెప్పినావు? ఏటి సెప్పినావే?”

“కంపు గురించి కాదు, ముగ్గు గురించి. ‘వదినా, కొత్త ముగ్గు ఎక్కడ నేర్సినావు, నాకూ సూపించు’ అని. సూపించినాను. దాన్ని సూసి బంగారమ్మ, దాన్ని సూసి సూర్యావతి. ఇప్పుడు మన సందులో అయిదు గుమ్మాల్లో అదే ముగ్గు. సూరు కింద ఏస్తున్నాం, వాన తగలదు.”

“కొంప అంటుకుంటుంటే నీకు ముగ్గుల గోలేటే!”

“కొంప అంటుకున్నా గుమ్మంలో ముగ్గుండాల. లేపోతే ఆర్పడానికొచ్చినోళ్ళు ఏటనుకుంటారు?”

“సరే, ఇను. సెన్ బాబు అడుగుతాడు. ఏటి సెప్పాల?”

“ముట్టలేదు. తోమలేదు. సూళ్ళేదు.”

“సూళ్ళేదంటే కళ్ళు లేవా అంటాడు.”

“సూసినాం గాని, సూడనట్టు సూసినాం.”

“అది. అలాగ సెప్పు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ సెప్పకు.”

“నానేటి ఎక్కువ మాట్లాడుతానా మావా?”

నెలకు రెండు రోజులు ముందే ఆ చెన్ మాండలే నుంచి దిగి, ఎప్పటిలాగే కొట్టు లోపలి తలుపు తీసుకుని వెనక గదిలోకి వచ్చాడు. రేవులో మనవాళ్ళతో ముప్పై ఏళ్ళు బేరాలాడిన మనిషి కాబట్టి ఆయన తెలుగుకు సాయం అక్కర్లేదు. సాయం కావలసింది అచ్చెన్న గొంతుకే.

“ఏటి అచ్చెన్నా, గొంతు అలాగైపోయింది?”

“సలి బాబూ.”

“రంగూన్‌లో చలేటి?”

“లోపల్నుంచి బాబూ.”

“తాయారమ్మా, బాగున్నారా?”

“బాగున్నాం బాబూ. పచ్చగా ఉన్నాం.”

“ఏటీ?”

“మీ దయవల్ల అంటోంది బాబూ!”

“గదిలో ఏదో వాసనొస్తోంది.”

“వాన బాబూ. వానకి రంగూన్ అంతా ఇదే వాసన.”

“సరే. గిన్నె?”

“ఇదుగో. మీరు సుట్టిన గుడ్డలో సుట్టినట్టే.”

“గుడ్డ తియ్యి. ఆ కిటికీ దగ్గరకి పట్టు. ఇంకా ఇటు. చెవి ఇటు తిప్పు.”

“సెవి బాగానే ఉంది బాబూ. సెవికేటీ లేదు.”

“చెవి గురించి నేనేం అనలేదే?”

“నానూ ఏటీ అనలేదు బాబూ.”

“ఊఁ.”

“బాబూ?”

“ఉండు.”

“ఏదైనా...”

“ఉండమన్నానా. ఊఁ. పచ్చగానే ఉంది.”

“పచ్చగానే ఉంది బాబూ.”

“ఇచ్చినట్టే ఉంది.”

“ఇచ్చినట్టే.”

“ఎవరూ ముట్టుకోలేదా?”

“ముట్టుకోలేదు బాబూ.”

“తాయారమ్మా, నువ్వు?”

“నానా? నాను సూడనట్టు సూసినాను బాబూ.”

“తోమలేదా?”

“తోమడవా!”

“ఒక్కసారైనా? ఏ చింతపండో, ఏ బూడిదో...”

“సింతపండు దీని వాసన కూడా సూడలేదు.”

“అచ్చెన్నా, నువ్వు చెప్పు. నిజంగా?”

“సింహాద్రి అప్పన్న సాచ్చి బాబూ! ఇచ్చింది ఇచ్చినట్టే పెట్టినాం, పెట్టింది పెట్టినట్టే ఇచ్చినాం!”

“అయ్యో.”

“అయ్యో ఏటి బాబూ?”

“ఏం లేదు. నెల్లాళ్ళూ ఆశపెట్టుకున్నాను.”

“దేనికి బాబూ?”

“మీరు తోముతారని.”

“ఏటన్నారు బాబూ?”

“తోముతారని! చిలుము పట్టిన గిన్నెని నాలుగు రోజులు చూస్తూ ఊరుకోలేని ఇల్లు ఈ లత వీధి మొత్తానికి ఇదొక్కటే. నా కొట్టు తలుపు గొళ్ళేలకి మెరుగు పెట్టేది ఎవరు తాయారమ్మా? ఎవరైనా అడిగారా నిన్ను? గుమ్మానికి కొట్టిన మేకుల తలలు కూడా తోముతావు నువ్వు. అందుకే కదా, తెచ్చి తెచ్చి నీ ఇంట్లో పెట్టాను.”

“మరి కప్పు పెంకులు?”

“కప్పుకేం అచ్చెన్నా, రాయిలా ఉంది.”

“నాను అనుకుంటూనే ఉన్నాను! అనుకోలేదేటే తాయారూ? ఒక్క సుక్క కారలేదని...”

“మావా, నువ్వాగు. బాబూ, తోమాలంటే తోమమని సెప్పొచ్చు కదా! ఇంతోటిదానికి ముట్టకు, తాకకు, ఊపిరి పడనీకు అని ఎందుకు?”

“చెప్పకూడదు. మా నాన్న పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. ‘ఇది మూడువేల ఏళ్ళది. దీని పచ్చ నువ్వు గీకకు, తోమకు, ఎవరితోనూ తోమమని చెప్పకు’ అని. నాన్నకి వేసిన ఒట్టు తప్పితే మాలో వాడు మనిషే కాదు. అయితే మా నాన్న మంచి వ్యాపారి.”

“అంటే?”

“అంటే, ఆయన చెప్పింది నమ్మాలో వద్దో నాకు ముప్పై ఏళ్ళుగా తెలీదు.”

“ఓలమ్మో.”

“పాతకాలపు గిన్నెల్ని చూసి అలాంటివే పోతపోసేవాళ్ళు మాలో ఎప్పుడూ ఉన్నారమ్మా. అది మోసం కాదు, పెద్దవాళ్ళమీద గౌరవం. పాతది కావాలి, దొరకదు, దానిలాంటిది చేయించుకుని పూజలో పెట్టుకుంటారు. అప్పుడు కొత్తగా చేసినవి కూడా ఇప్పుడు పాతబడిపోయాయి. వాటికీ విలువుంది. కానీ వాటిమీద చిలుము పెట్టి మూడువేల ఏళ్ళది అంటేనే, అది మోసం. చిలుముదేముంది, ఎవడైనా పెట్టొచ్చు.”

“ఎవుడైనా పెట్టొచ్చేటి! అంత తేలికేటి బాబూ?”

“తాయారూ!”

“మాటవరసకి అడిగినాను మావా.”

“దొర రేపు పొద్దున్న వస్తున్నాడు. ‘మూడువేల ఏళ్ళది’ అని నా చేత్తో కాగితం రాసివ్వమంటున్నాడు. ఈ వీధిలో నా సంతకం ఉంటే సరుకు తిప్పి చూడరు, అచ్చెన్నా. ఆ సంతకం కింద ఇంతవరకూ అబద్ధం లేదు. నేను తోమకూడదు, తోమమని చెప్పకూడదు. తోమేవాళ్ళ ఇంట్లో పెట్టకూడదని మాత్రం ఒట్టులో లేదు.”

“తెలివే బాబూ.”

“ఏం తెలివి? పెట్టినట్టే వచ్చింది. అయినా ఫర్వాలేదు. సంగతి తేలిపోయింది.”

“ఏటి తేలింది?”

“తాయారమ్మా, నువ్వు తోమలేదంటే నేను నమ్మను. నువ్వు తోమావు.”

“లేదు బాబూ! అప్పన్న...”

“తోమావు. నీ వల్ల కాలేదు. ఊడలేదు. నేనేమంటానోనని భయపడి చెప్పడం లేదు. నీ చేతికి, నీ చింతపండుకి ఊడలేదంటే అది నిన్నా మొన్నా పెట్టిన చిలుము కాదు. మూడువేల ఏళ్ళదే! మా నాన్న నిజమే చెప్పాడు. పాపిష్టివాణ్ణి, నేనే అనుమానించాను.”

“ఊడలేదా? నా సేతికి ఊడలేదని ఎవులన్నారు?”

“తాయారూ!”

“కాదు మావా, ఊడలేదంటారేటి ఆయన? నా సేతికి ఊడని చిలువా? ఈ సేతికా?”

“దాని సేతికి ఒంట్లో బాగోలేదు బాబూ! నువ్విటు రాయే. ఇటు రా.”

“సెప్పీనా మావా?”

“మెల్లగా! సెప్తే సామాన్లు సర్దు.”

“ఆయన రేపు అబద్దం మీద సంతకం పెట్టీస్తాడు.”

“సెప్పకపోతే ఆయన సంతకం పోద్ది. సెప్తే మన గది పోద్ది. అప్పన్న మీద ఒట్టేసినాను కూడానూ.”

“నన్నడిగి ఏసినావేటి? ఆయనేటి మనకి అన్నాయం సేసినాడు మావా? నీ నడుం పడిపోయిన్నాడు ఏ మేస్త్రీ ఓ ముద్ద పెట్టినాడు? పిలిచి పీటేసింది ఈయన కాదేటి?”

“అందుకే నానూ సెప్పలేకపోతున్నాను. మొకం సూసి ఎలాగ సెప్పడం?”

“ఏటి గుసగుసలు?”

“టీ పెట్టమంటారా అని బాబూ.”

“వద్దు. ఇప్పుడే పోయి కాగితం రాయించాలి. లింగరాజు రిక్షా ఈ సందులోనే ఆపించాను. ఇటు గుమ్మంలోంచి పోతాను.”

“ఇటా? ఇటు వొద్దు బాబూ, బురద. కొట్లోంచే ఎల్లండి.”

“బురదకేం, మనం బర్మాలో ఉన్నాం. తలుపు తియ్యి.”

“తీస్తున్నాను బాబూ. గొడుగు ఇదుగో. బాబూ? బాబూ, ఆగిపోయారేటి?”

“తాయారమ్మా.”

“బాబూ.”

“ఇదేటి?”

“ముగ్గు బాబూ. మా ఇళ్ళల్లో పొద్దున్నే గుమ్మం ముందు...”

“ముగ్గంటే తెలుసు. ముప్పై ఏళ్ళుగా తొక్కకుండా నడుస్తున్నాను. ఈ ముగ్గేటి?”

“బాగుందేటి బాబూ? సుట్టూ తామరపూలు నానే పెట్టినాను.”

“పూలు కాదు. మధ్యలోది.”

“మజ్జిలోదా? మజ్జిలోది ఊరికే సతరం.”

“ఎన్నాళ్ళబట్టి వేస్తున్నావు?”

“అచ్చయ తదియ మర్నాడునుంచి...”

“తాయారూ! అయిపోనాది. అంతా అయిపోనాది.”

“ఏటయింది మావా? ముగ్గే కదా.”

“అప్పలనరసమ్మ గుమ్మంలోనూ అదే. ఆ పక్కనా అదే. నాలుగు. అయిదు.”

“అందరికీ నచ్చింది బాబూ.”

“నాకూ నచ్చింది. అచ్చెన్నా, ఇది మా పాతకాలపు ముద్రల్లో వేసే రాత. చదవనా?”

“సదవకండి బాబూ.”

“‘మహా చింగ్ రాజ్యం. చియెన్ లుంగ్ చక్రవర్తి కాలం. పాతదాన్ని చూసి చేసినది.’”

“అంటే ఎన్నేళ్ళది బాబూ?”

“నూట యాభై ఏళ్ళు. అంతే. మా దేశంలో చక్రవర్తే లేకుండా పోయాడు. ఇక్కడ ఈ సందులో అయిదు గుమ్మాల్ని ఏలుతున్నాడు! అప్పలనరసమ్మ ఇల్లు కూడా ఆయన పోతపోయించిందేనేటి?”

“తప్పయిపోనాది బాబూ. గది కాళీ సేసెమ్మంటే సేసేస్తాం. దానికి దేవుడు కనబడ్డాడంట, తోమీసింది. నాను బయపడి ఒట్టేసీసినాను.”

“ఉండు అచ్చెన్నా. గిన్నె చూడు, ఎంత మంచిదో. నేను అసలుదాన్ని కాదు, నకలుని అని తనే అడుగున రాసుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ అబద్ధమాడింది పైన ఉన్న చిలుము. మా నాన్న పెట్టిన చిలుము.”

“ఇప్పుడున్నది మీ నాన్నది కాదు బాబూ. నాది.”

“తాయారూ!”

“ఇంక దాచీదేటి మావా? ఊడలేదంటే ఎలాగ ఊరుకుంటాను? మీ నాన్నది ఒక్క పూటలో ఊడదీసినాను బాబూ. ఇరవై రోజుల పైసిలుకు కూకుని మళ్ళీ పట్టించినాను. తరవాణి, నప్పి, నిమ్మ...”

“ఆగు! ఇంక చెప్పకు. నేనేమీ వినలేదు.”

“ఇన్నారు కదా బాబూ?”

“వినలేదమ్మా. మీరు తోమలేదు, అప్పన్న సాక్షి. నేను తోమించలేదు, మా నాన్న సాక్షి. ఎవరి ఒట్టు వాళ్ళదగ్గర అలాగే ఉండనీ. దారిలో ఏదో ముగ్గు కనబడింది, చదివాను, చదువొచ్చు కాబట్టి. రేపు దొరకి నూట యాభై ఏళ్ళనే రాసిస్తాను. కొంటే కొంటాడు, లేకపోతే భూతద్దం మడిచి జేబులో పెట్టుకుంటాడు.”

“మరి మా గది బాబూ? నా కాపలా?”

“అచ్చెన్నా, కొట్టు అటకమీద మా నాన్న వదిలిపోయిన పచ్చ గిన్నెలు ఇంకా పదకొండున్నాయి. కప్పు పెంకులు మార్చాలి కదా, నెలకొకటి తెచ్చి మీ ఇంట్లో పెడతాను. వేటినీ ముట్టుకోకండి, ఊపిరి కూడా పడనీకండి. నేనేం అడగను, మీరేం చెప్పకండి. తాయారమ్మా, ముగ్గు మాత్రం మానకు.”